టెక్సాస్‌లో డాక్టరు సిద్ధం, బిల్లు మాత్రం ఆగుతుంది: బీమా నెట్‌వర్క్‌లో చేరే ప్రక్రియ నడిచే తీరు

క్లుప్తంగా

టెక్సాస్ లైసెన్సు చేతికొచ్చిన రోజు నుంచే డాక్టరు రోగులను చూడవచ్చు. కానీ రోగి బీమా సంస్థ ఆ డాక్టరును తన నెట్‌వర్క్‌లో, అంటే ఒప్పంద ధరలకు సేవలందించే డాక్టర్ల జాబితాలో, చేర్చుకున్న తేదీ నుంచి మాత్రమే నెట్‌వర్క్ ధరకు బిల్లు చెల్లుతుంది. ఈ చేరికకు సాధారణంగా రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది. ఈ ఆలస్యంలో డాక్టరు అర్హతల పరీక్షకు పట్టే కాలం తక్కువే. అవే వివరాలను ఒక్కో సంస్థ విడివిడిగా చూడడం వల్ల, చూసిన తరువాత కూడా ఒప్పందం, నమోదు అనే మరో రెండు మెట్లు మిగలడం వల్ల ఎక్కువ కాలం గడిచిపోతుంది. 2007 నాటి రాష్ట్ర చట్టం కొందరికి ఊరట ఇచ్చింది గానీ, దాని పరిధి చాలామంది అనుకునేదాని కన్నా చిన్నది.

ఒక పేరు కింద మూడు పనులు

బిల్లింగ్ ఆఫీసుల్లో ‘క్రెడెన్షియలింగ్’ అని కలిపి చెప్పే వ్యవహారంలో నిజానికి మూడు వేర్వేరు పనులు ఉన్నాయి. వీటిని బీమా సంస్థలోని మూడు వేర్వేరు విభాగాలు చేస్తాయి. మొదటిది అర్హతల ధ్రువీకరణ: డాక్టరు రాసి ఇచ్చిన చదువు, లైసెన్సు, అనుభవం వివరాలు నిజమేనా అని, ఆ పత్రాలను జారీ చేసిన సంస్థలనే నేరుగా అడిగి తేల్చుకోవడం. రెండవది కాంట్రాక్టు: ఏ సేవకు ఎంత చెల్లిస్తారు, ఏ ప్లాన్ల రోగులను చూడాలి, ఎప్పుడు ఎవరు తప్పుకోవచ్చు అన్న షరతుల మీద ఇరుపక్షాల సంతకాలు. మూడవది లోడింగ్: డాక్టరు ఎన్‌పీఐ నంబరు (వైద్య సేవలందించేవారికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య), క్లినిక్ పన్ను గుర్తింపు సంఖ్య, చిరునామా, రేట్ల పట్టిక అన్నింటినీ క్లెయిములు (చెల్లింపు కోసం డాక్టరు పంపే బిల్లులు) పరిష్కరించే కంప్యూటర్ వ్యవస్థలో ఎక్కించడం.

మొదటి పని పూర్తయినప్పుడు వచ్చే ‘మీ దరఖాస్తు ఆమోదం పొందింది’ అనే లేఖను చూసి రోగులకు అపాయింట్‌మెంట్లు ఇవ్వడం మొదలుపెట్టే క్లినిక్‌లు తక్కువేమీ కాదు. ఆ లేఖకు బిల్లింగ్‌తో సంబంధం లేదు. క్లెయిము చెల్లుతుందా లేదా అన్నది కాంట్రాక్టులోనూ, లోడింగ్ తరువాత వచ్చే లేఖలోనూ ఉండే ఎఫెక్టివ్ డేట్‌ను బట్టి, అంటే అమలు తేదీని బట్టి తేలుతుంది. ఈ రంగంలో నిజమైన డబ్బు విలువ ఉన్నది ఆ ఒక్క తేదీకే.

ఏమేం చూస్తారు, ఎందుకు చూస్తారు

బీమా సంస్థలు ఈ పరీక్షను తమ ఇష్టప్రకారం రూపొందించుకోవు. 1990లో ఏర్పడిన ఎన్‌సీక్యూఏ అనే లాభాపేక్ష లేని సంస్థ ఆరోగ్య బీమా ప్లాన్లకు నాణ్యతా గుర్తింపు ఇస్తుంది. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకు ప్లాను కొనేటప్పుడు ఈ గుర్తింపు ఉందా అని అడుగుతాయి కాబట్టి, బీమా సంస్థలు దాని ప్రమాణాలను దాదాపు చట్టంలాగే పాటిస్తాయి. ఆ ప్రమాణాల ప్రకారం రాష్ట్ర వైద్య మండలి లైసెన్సు, మాదకద్రవ్యాల పరిధిలోకి వచ్చే మందులు రాయడానికి కావలసిన డీఈఏ రిజిస్ట్రేషన్, వైద్య విద్య, రెసిడెన్సీ (పట్టా తరువాతి ఆసుపత్రి శిక్షణ), బోర్డు సర్టిఫికేషన్ (స్పెషాలిటీ ధ్రువపత్రం), గత 5 ఏళ్ల ఉద్యోగ చరిత్ర, చికిత్సా నిర్లక్ష్యం కేసుల పరిష్కారాలు, ప్రభుత్వ బీమా పథకాలైన మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకు), మెడికెయిడ్ (పేదలకు) నుంచి ఎప్పుడైనా బహిష్కరించారా అన్న సమాచారం చూడాలి. కేసుల వివరాలకు నేషనల్ ప్రాక్టీషనర్ డేటా బ్యాంకును ప్రశ్నిస్తారు. ఒక రాష్ట్రంలో తప్పు చేసి పట్టుబడిన డాక్టరు మరో రాష్ట్రానికి వెళ్లి కొత్తగా మొదలుపెట్టకుండా ఆపడానికి 1986 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం దీన్ని నెలకొల్పారు. 1990లో అది పని ప్రారంభించింది. ఈ నేపథ్యం గమనిస్తే, మొత్తం ప్రక్రియను ఉత్త కాగితాల తంతుగా కొట్టిపారేయడం సరికాదు.

ఉద్యోగ చరిత్ర విషయంలో ఒక నియమం విదేశాల్లో చదివి వచ్చినవారికి ప్రత్యేకంగా తగులుతుంది. 6 నెలలు దాటిన ఖాళీ ఉంటే కారణం చెప్పాలి. ఏడాది దాటితే రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎంబీబీఎస్ తరువాత అమెరికా వైద్య లైసెన్సుకు కావలసిన యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షలకు చదువుకున్న కాలం, రెసిడెన్సీ మ్యాచ్ (శిక్షణ చోట్ల కేటాయింపు) కోసం ఎదురుచూసిన కాలం, వీసా రాక ఆగిన కాలం తప్పు కావు. అయితే పరిశీలించే 5 ఏళ్ల పరిధిలో వాటిని ఖాళీగా వదిలేస్తే మాత్రం ఫైలు వెనక్కి వస్తుంది.

ఒకే వివరాలను పదిచోట్ల రాసే బాధ తగ్గించడానికి సీఏక్యూహెచ్ అనే సంస్థ ఉమ్మడి ఆన్‌లైన్ ప్రొఫైల్ నడుపుతోంది. డాక్టరు అక్కడ ఒకసారి అన్నీ నింపి, బీమా సంస్థలకు చూసే అనుమతి ఇస్తే చాలు. టెక్సాస్ బీమా శాఖ కూడా రాష్ట్రమంతటికీ ఒకే ప్రామాణిక దరఖాస్తు ఫారం నిర్దేశించింది. బీమా నియమావళిలోని 1452వ అధ్యాయం దానికి ఆధారం. అయినా దరఖాస్తు ఒకటే అయినంత మాత్రాన పరీక్ష ఒకటి కాలేదు. ఫారం ఉమ్మడిది, సీఏక్యూహెచ్ ప్రొఫైల్ ఉమ్మడిది, కానీ బ్లూ క్రాస్, యునైటెడ్ హెల్త్‌కేర్, ఎట్నా, సిగ్నా ఎవరికి వారే తనిఖీ చేసుకుంటారు, డాక్టరును చేర్చుకోవాలో వద్దో తేల్చే కమిటీ కూడా ఎవరిది వారికే విడిగా సమావేశమవుతుంది. ఉమ్మడిగా ఉన్నది ప్రవేశద్వారం మాత్రమే.

ఒక ఫైలు ప్రయాణం

ఆలస్యం ఎక్కడ పుడుతుందో చూడడానికి ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకోవచ్చు. టెక్సాస్‌లోనే రెసిడెన్సీ చేస్తున్న ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరు ఒకరు జూన్ 30న శిక్షణ ముగించి, జూలై 1న డాలస్ శివారులో సొంత క్లినిక్ తెరవాలనుకున్నారు. ముందుచూపుతో ఏప్రిల్ 10నే సీఏక్యూహెచ్ ప్రొఫైల్ నింపి, వివరాలన్నీ సరైనవేనని అటెస్ట్ చేశారు. కానీ అప్పటికి చేతిలో ఉన్నది శిక్షణలో ఉన్నవారికి ఇచ్చే పర్మిట్ మాత్రమే. పూర్తి లైసెన్సు మే చివరలో వచ్చింది. లైసెన్సు లేని దరఖాస్తును బీమా సంస్థ అసంపూర్ణంగానే లెక్కిస్తుంది.

తరువాత మాల్‌ప్రాక్టీస్ బీమా, అంటే చికిత్సా నిర్లక్ష్యం కేసుల నుంచి రక్షణ ఇచ్చే బీమా వంతు. రెసిడెన్సీ కాలానికి ఆసుపత్రి చేయించిన పాలసీ జూన్ 30తో ముగుస్తుంది. కొత్త పాలసీ జూలై 1న మొదలవుతుంది. టెక్సాస్‌లో ఈ పాలసీలు ఒక కేసుకు 2 లక్షల డాలర్లు, ఏడాది మొత్తానికి 6 లక్షల డాలర్ల పరిమితితో ఉండడం మామూలు. ఇతర రాష్ట్రాల్లో 10 లక్షలు, 30 లక్షల పరిమితికి అలవాటుపడిన సిబ్బంది దీన్ని చూసి పొరబాటనుకోవడమూ ఉంది. క్లినిక్ కోసం పెట్టిన పీఎల్ఎల్‌సీ (వృత్తి నిపుణుల కంపెనీ) పేరు పన్ను శాఖ లేఖలో ఒకలా, బీమా సంస్థకు ఇచ్చిన డబ్ల్యూ-9 అనే పన్ను వివరాల ఫారంలో మరోలా ఉందనుకుందాం. ఒక పదం తేడా చాలు, ఫైలు ఆగడానికి. వ్యక్తికి ఒక ఎన్‌పీఐ, క్లినిక్‌కు మరో ఎన్‌పీఐ ఉండాలి. రెండింటిలోనూ చిరునామా ఒకటే అయి ఉండాలి.

ఇవన్నీ సర్దుకుని జూలై మొదటి వారానికి దరఖాస్తు ‘సంపూర్ణం’ అయింది. ఆ నెల కమిటీ సమావేశం అజెండా అప్పటికే ముగిసింది. ఆగస్టు సమావేశానికి ముందు పరిశీలకులు సీఏక్యూహెచ్ ప్రొఫైల్ తెరిచేసరికి అటెస్టేషన్ గడువు దాటిపోయి ఉంది. ప్రతి 120 రోజులకోసారి వివరాలను మళ్లీ అటెస్ట్ చేయాలి. ఏప్రిల్ 10న చేసినదానికి ఆగస్టు 8తో కాలం చెల్లింది. ఒక్క నొక్కుతో అయ్యే పని అది, కానీ ఫైలు ఈలోగా వరుసలో వెనక్కి పోయింది. సెప్టెంబరులో కమిటీ ఆమోదించింది, కాంట్రాక్టు మీద సంతకాలయ్యాయి, అక్టోబరు 1 ఎఫెక్టివ్ డేట్‌గా వచ్చింది. మూడు నెలల అద్దె, సిబ్బంది జీతాలు, సాఫ్ట్‌వేర్ చందాలు క్లినిక్ సొంత జేబులోంచి పోయాయి.

ఇందులో ఎవరూ దురుద్దేశంతో పనిచేయలేదన్నది గమనించాలి. డాక్టరు అర్హత మీద ఒక్క ప్రశ్న కూడా రాలేదు. దరఖాస్తుకు అవసరమైన పత్రాలు ఒకదాని కోసం ఒకటి ఆగడం, వాటిలో కొన్నిటికి గడువు ముగిసిపోవడం, వరుస మళ్లీ మొదటికి రావడం: ఈ గొలుసే ఆలస్యం. వేసవిలో ఇది మరింత బిగుస్తుంది, ఎందుకంటే దేశమంతటా రెసిడెన్సీలు జూన్ చివరనే ముగుస్తాయి, కొత్త దరఖాస్తులు ఒకేసారి వచ్చిపడతాయి.

95 రోజుల గడియారం

చాలా క్లినిక్‌లు ఎంచుకునే మార్గం రోగులను చూసి, క్లెయిములను దగ్గరే ఉంచుకుని, ఆమోదం వచ్చాక ఒకేసారి పంపడం. దీనికి రెండు అడ్డంకులున్నాయి. మొదటిది, ప్రైవేటు బీమా సంస్థల్లో ఎక్కువ భాగం అమలు తేదీని వెనక్కి జరపవు. అక్టోబరు 1కి ముందు చూసిన రోగి క్లెయిము అక్టోబరులో పంపినా అది నెట్‌వర్క్ బయటి క్లెయిమే. రెండవది, టెక్సాస్ చట్టం ప్రకారం రాష్ట్ర నియంత్రణలోని ప్లాన్లకు నెట్‌వర్క్ డాక్టర్ల క్లెయిములు సేవ అందించిన రోజు నుంచి 95 రోజుల్లోగా చేరాలి; ఒప్పందంలో ఎక్కువ గడువుకు అంగీకరిస్తేనే మినహాయింపు. పై ఉదాహరణలో జూలై 1న చూసిన రోగి క్లెయిముకు అక్టోబరు 4తో గడువు పూర్తవుతుంది. ఒకవేళ బీమా సంస్థ ఉదారంగా తేదీని జూలైకి జరిపినా, లోడింగ్ మరో రెండు వారాలు సాగితే తొలి రోజుల క్లెయిములు గడువు కింద పోతాయి.

మెడికేర్ ఇక్కడ భిన్నంగా ఉంది, మెరుగ్గానూ ఉంది. టెక్సాస్‌లో మెడికేర్ దరఖాస్తులను నోవిటాస్ సొల్యూషన్స్ అనే కాంట్రాక్టరు చూస్తుంది. ఆమోదం పొందిన దరఖాస్తు దాఖలైన రోజు, కొత్త చోట పని మొదలుపెట్టిన రోజు, ఈ రెండిటిలో ఏది తరువాతిదైతే అదే అమలు తేదీ. దానికి ముందు మరో 30 రోజుల సేవలకు కూడా తగిన పరిస్థితుల్లో బిల్లు చేయవచ్చు. అంటే ఆమోదానికి ఎంత కాలం పట్టినా డాక్టరు ఆదాయం శాశ్వతంగా పోదు, ఆలస్యమవుతుంది అంతే. క్లెయిము పంపడానికి మెడికేర్ ఏడాది గడువు ఇస్తుంది. ప్రభుత్వ కార్యక్రమం నెమ్మది, ప్రైవేటు సంస్థ చురుకు అన్న వాడుక అభిప్రాయం ఈ ఒక్క విషయంలో తలకిందులైంది.

2007 చట్టం ఇచ్చిన వెసులుబాటు

ప్రైవేటు బీమాలో ఈ ఖాళీని పూడ్చడానికి టెక్సాస్ శాసనసభ 2007లో ‘ఎక్స్‌పెడైటెడ్ క్రెడెన్షియలింగ్’ నిబంధనలు తెచ్చింది. ఇప్పటికే ఒక బీమా ప్లానుతో అమల్లో ఉన్న ఒప్పందం గల వైద్యుల గ్రూపులో కొత్త డాక్టరు చేరి, టెక్సాస్ లైసెన్సు మచ్చలేకుండా ఉండి, కావలసిన పత్రాలన్నీ ఇచ్చి, ఒప్పంద షరతులకు అంగీకరిస్తే, దరఖాస్తు పరిశీలనలో ఉండగానే చెల్లింపుల వరకు ఆ డాక్టరును నెట్‌వర్క్ సభ్యుడిగానే చూడాలి. రోగి దగ్గర కోపే (రోగి కట్టే వాటా) తీసుకోవచ్చు, బీమా సంస్థ చెల్లించాలి. ‘చెల్లింపుల వరకు’ అన్న షరతు ముఖ్యమైనది; తుది ఆమోదం వచ్చేదాకా డాక్టరు పేరును నెట్‌వర్క్ డైరెక్టరీలో పెట్టకుండా ఉండే హక్కు సంస్థకు ఉంది.

చివరికి డాక్టరు ప్రమాణాలకు తగరని తేలితే ఏం జరుగుతుందో కూడా చట్టం చెప్పింది. నెట్‌వర్క్ ధరకూ, బయటి ధరకూ మధ్య తేడాను బీమా సంస్థ తిరిగి రాబట్టుకోవచ్చు. గ్రూపు అప్పటికే వసూలు చేసిన కోపేను ఉంచుకోవచ్చు. ఆ తేడాను మాత్రం రోగి మీద వేయడానికి వీల్లేదు. నష్టభయం ఎవరి మీద ఉండాలన్న ప్రశ్నకు ఇది చక్కని జవాబు. డాక్టరును తెచ్చుకున్న గ్రూపే అతని అర్హతలను అందరికన్నా ముందు తెలుసుకోగలదు కాబట్టి, భారం కూడా దానిదే కావడం సబబు.

ఈ చట్టం హద్దులు దాని లాభాలంత ముఖ్యమైనవి. సొంతంగా కొత్త క్లినిక్ పెట్టిన ఒంటరి డాక్టరుకు ఇది వర్తించదు, ఎందుకంటే అమల్లో ఉన్న గ్రూపు ఒప్పందమే లేదు. గ్రూపుకు బ్లూ క్రాస్‌తో ఒప్పందం ఉండి సిగ్నాతో లేకపోతే, ఊరట మొదటిదానికే. ఇది తనంతట అదే అమలయ్యేదీ కాదు. గ్రూపు అడిగి, దరఖాస్తుతో పాటు ఆ విషయం రాతలో పెడితే తప్ప ఫైలు మామూలు వరుసలోనే సాగుతుందని ఈ పని చేసేవారందరికీ తెలుసు.

కార్డు మీది మూడు అక్షరాలు

అన్నిటికన్నా పెద్ద హద్దు బీమా కార్డు మీదే కనిపిస్తుంది. టెక్సాస్ బీమా శాఖ నియంత్రించే ప్లాన్ల కార్డుల మీద ‘టీడీఐ’ లేదా ‘డీఓఐ’ అనే అక్షరాలు ముద్రించి ఉంటాయి. అవి లేని కార్డు చాలావరకు సొంత నిధులతో నడిచే కంపెనీ ప్లానుది. అక్కడ పేరు పెద్ద బీమా సంస్థదే అయినా, వైద్య ఖర్చు భరించేది యజమాని, బీమా సంస్థ లెక్కలు చూసే గుమాస్తా మాత్రమే. 1974 నాటి ఎరీసా అనే ఫెడరల్ చట్టం ఇటువంటి ప్లాన్లను రాష్ట్ర బీమా చట్టాల పరిధి నుంచి తప్పించింది. దాంతో 2007 నాటి ఊరట గానీ, 95 రోజుల నియమం గానీ ఈ ప్లాన్ల మీద చట్టబద్ధంగా పనిచేయవు. ఒప్పందంలో ఏముంటే అదే.

ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వంటి చోట్ల పెద్ద సంఖ్యలో ఉన్న తెలుగు ఉద్యోగులకు ఇది నేరుగా సంబంధించిన విషయం. పెద్ద టెక్నాలజీ, బ్యాంకింగ్ కంపెనీల ప్లాన్లు ఎక్కువగా సొంత నిధులవే. కొత్త డాక్టరు పక్కవీధిలోనే ఉన్నా, ‘మీ ప్లాను ఇంకా రాలేదు, వచ్చే నెల చూడండి’ అని ముందు గది సిబ్బంది చెప్పడం వెనక తరచుగా ఈ తేడా ఉంటుంది. అనుకోని బిల్లుల నుంచి రక్షించే చట్టాలు, 2020 నుంచి అమల్లో ఉన్న టెక్సాస్ చట్టమైనా, 2022 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ చట్టమైనా, ప్రధానంగా అత్యవసర చికిత్సకూ, నెట్‌వర్క్ ఆసుపత్రిలో తారసపడే బయటి డాక్టర్లకూ ఉద్దేశించినవి. మామూలు క్లినిక్‌కు తానుగా వెళ్లిన రోగికి అవి పెద్దగా పనికిరావు. ఒక్క మినహాయింపు ఉంది: బీమా సంస్థ డైరెక్టరీలో డాక్టరు పేరు పొరబాటుగా ఉండి, దాన్ని నమ్మి రోగి వెళ్తే, ఫెడరల్ చట్టం కింద నెట్‌వర్క్ వాటా మాత్రమే కట్టాలి. అందుకే డైరెక్టరీ పేజీని తేదీతో సహా భద్రపరచుకోవడం మంచిది.

మెడికెయిడ్‌లో జరిగిన ప్రయోగం

విడివిడి తనిఖీలకు విరుగుడు ఏమిటన్న ప్రశ్నకు టెక్సాస్‌లోనే ఒక జవాబు ఉంది. రాష్ట్ర మెడికెయిడ్‌ను ఎక్కువగా పలు ప్రైవేటు ప్లాన్ల ద్వారా నడుపుతున్నారు. ఒకప్పుడు ప్రతి ప్లానూ ప్రతి డాక్టరునూ విడిగా తనిఖీ చేసేది. 2018 నుంచి ఈ ప్లాన్లన్నీ ఒకే తనిఖీ సంస్థను వాడుతున్నాయి. వెరిసిస్ అనే ఆ సంస్థ మూలాల నుంచి వివరాలు ఒకసారి సేకరించి అందరికీ ఇస్తుంది. ప్లాన్ల సంఘమూ, టెక్సాస్ మెడికల్ అసోసియేషనూ కలిసి ఈ ఏర్పాటు చేసుకోవడం విశేషం, ఎందుకంటే మిగతా చాలా విషయాల్లో ఈ రెండు సంఘాలూ ఎదురెదురు పక్షాలే.

అయినా మెట్లు పోలేదు. మొదట రాష్ట్ర మెడికెయిడ్‌లో పేరు నమోదు కావాలి; 2021 డిసెంబరు నుంచి ఇది పీఈఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా సాగుతోంది. ఆ తరువాత ఉమ్మడి తనిఖీ, ఆపైన ఒక్కో ప్లానుతో ఒప్పందం. తనిఖీ ఒకటైంది, నిర్ణయాలు మాత్రం పలువురివే. ప్రైవేటు బీమా వైపు ఈ మాత్రం కలయిక కూడా ఇంతవరకు రాలేదు. పెద్ద ఆసుపత్రి వ్యవస్థలు మాత్రం ‘డెలిగేటెడ్ క్రెడెన్షియలింగ్’ అనే మరో దారి పట్టాయి: బీమా సంస్థ తన తనిఖీ బాధ్యతను ఆసుపత్రికే అప్పగించి, ఏడాదికోసారి ఆడిట్ చేస్తుంది, ఆసుపత్రి పంపిన జాబితాను యథాతథంగా ఎక్కించుకుంటుంది. ఆ వ్యవస్థల్లో చేరే డాక్టరుకు నెలల పని వారాల్లో అయిపోతుంది. చిన్న క్లినిక్‌లు పెద్ద వ్యవస్థల్లో కలిసిపోవడానికి చెప్పే కారణాల జాబితాలో దీన్ని ఎవరూ పైన రాయరు గానీ, చివరన రాయదగ్గ విషయం కూడా కాదు.

అడ్డదారికి పడే వెల

ఆమోదం రాని డాక్టరు చూసిన రోగుల బిల్లును అదే క్లినిక్‌లో ఆమోదం ఉన్న డాక్టరు ఎన్‌పీఐ మీద పంపడం ఈ రంగంలో పాత అలవాటు. సేవ చేసినది ఒకరు, చేశారని క్లెయిము మీద చెప్పినది మరొకరు. కాబట్టి ఇది తప్పుడు క్లెయిము. మెడికేర్, మెడికెయిడ్ విషయంలో ఫెడరల్ ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కింద అసలు నష్టానికి మూడు రెట్లు, దాని మీద ఒక్కో క్లెయిముకు విడి జరిమానా పడవచ్చు. చట్టబద్ధమైన దారులు ఇరుకైనవి. సెలవులో ఉన్న డాక్టరు స్థానంలో తాత్కాలికంగా వచ్చినవారి సేవలకు క్యూ6 గుర్తుతో, మామూలుగా వరుసగా 60 రోజుల వరకు మాత్రమే మెడికేర్ బిల్లు చెల్లుతుంది. గ్రూపులో శాశ్వతంగా చేరిన కొత్త డాక్టరుకు ఆ ముసుగు సరిపోదు.

తెలుగు వైద్యుల ఫైళ్లలో కనిపించేవి

విజయవాడలోనో, హైదరాబాదులోనో చదివి టెక్సాస్ వచ్చిన డాక్టరుకు చదువు ధ్రువీకరణ పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు, ఎందుకంటే ఎన్‌సీక్యూఏ ప్రమాణాలు విదేశీ వైద్య పట్టాల విషయంలో విదేశాల్లో చదివిన వైద్యుల అర్హతలు చూసే ఈసీఎఫ్‌ఎంజీ అనే అమెరికా సంస్థ ధ్రువీకరణను అంగీకరిస్తాయి. విశ్వవిద్యాలయం పేర్ల చిక్కు కూడా ఇందువల్ల కొంత తప్పుతుంది. 1986లో ఏర్పడిన విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఎన్టీఆర్ పేరుతో ఉండి, 2022లో వైఎస్సార్ పేరుకు మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకు వచ్చింది. పట్టా మీద ఏ పేరుంటే ఆ పేరే అన్ని దరఖాస్తుల్లోనూ రాయడం, నేటి పేరు విడిగా తెలపడం మేలు.

అసలు చిక్కు మనిషి పేరుతోనే. ఇంటిపేరు పట్టా మీద పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, లైసెన్సులో చివరి పేరుగా, పెళ్లయ్యాక డీఈఏలో మరోలా ఉంటే, ఒకే వ్యక్తి తనిఖీ వ్యవస్థకు నలుగురిగా కనిపిస్తారు. ఎన్‌పీఐ రిజిస్ట్రీలోనూ, సీఏక్యూహెచ్‌లోనూ ఇతర పేర్లు రాసే గడులు ఉన్నాయి. వాటిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు.

వీసా నియమాలు ఈ ఆలస్యాన్ని మరింత బరువెక్కిస్తాయి. జే-1 (ఎక్స్ఛేంజ్ శిక్షణ) వీసా మీద రెసిడెన్సీ చేసిన డాక్టరు స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న షరతు నుంచి మినహాయింపు కోరితే, కాన్రాడ్ కార్యక్రమం కింద ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 చోట్లు ఉంటాయి. మినహాయింపు వచ్చిన 90 రోజుల్లోగా, డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో పూర్తికాల పనిలో చేరి, 3 ఏళ్లు చేయాలి. ఆ పని హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద చేస్తారు. లైసెన్సు గానీ పర్మిట్ గానీ రాలేదన్న కారణంతో డాక్టరును ఖాళీగా ఉంచినా, ఒకసారి ఉద్యోగంలో చేరాక యజమాని జీతం ఆపడానికి కార్మిక శాఖ నియమాలు ఒప్పుకోవు. బీమా ఆమోదం రాలేదన్నది అంతకన్నా బలహీనమైన సాకు. ఇటు 90 రోజుల్లో చేరి తీరాలి, అటు బీమా సంస్థ ఆమోదానికి అంతకన్నా ఎక్కువ పట్టవచ్చు. మధ్యలో వచ్చే లోటు చిన్న గ్రామీణ క్లినిక్‌దే. మినహాయింపు దరఖాస్తు పెట్టిన రోజునే బీమా దరఖాస్తుల పని కూడా మొదలుపెట్టడం తప్ప దీనికి వేరే ఉపాయం కనబడదు.

ఇక్కడి పద్ధతితో పోలిస్తే

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆరోగ్యశ్రీ తరహా ట్రస్టులైనా, ప్రైవేటు బీమా సంస్థలైనా ఒప్పందం కుదుర్చుకునేది ఆసుపత్రితో. డాక్టర్ల జాబితా, వారి వైద్య మండలి రిజిస్ట్రేషన్లు ఆసుపత్రి దరఖాస్తుకు జతపడే పత్రాలే. ఉద్యోగం మారిన డాక్టరు కొత్త ఆసుపత్రిలో ఆ వారమే ఆపరేషన్ చేసినా క్లెయిముకు సాధారణంగా అడ్డు రాదు. అందుకే ఇక్కడి నుంచి వెళ్లినవారికి, హైదరాబాదులో రాత్రి షిఫ్టుల్లో కూర్చుని అమెరికా క్లినిక్‌ల ఫైళ్లు నడిపే ఉద్యోగులకు మొదట్లో వ్యక్తి వారీ ఆమోదం వింతగా అనిపిస్తుంది. ఫలితం మాత్రం రెండు వైపులా పదునే: ఇక్కడ వేగం ఉంది, కానీ ఒక డాక్టరు గత చరిత్రను రాష్ట్రాల సరిహద్దులు దాటి వెతికే డేటా బ్యాంకు వంటిది లేదు.

బిగుసుకుంటున్న గడువులు

2025 జూలై 1 నుంచి ఎన్‌సీక్యూఏ తనిఖీ చెల్లుబాటు కాలాన్ని బీమా ప్లాన్లకు 180 రోజుల నుంచి 120కి, స్వతంత్ర తనిఖీ సంస్థలకు 120 నుంచి 90కి తగ్గించింది. అంటే లైసెన్సు సరిచూసిన నాటి నుంచి అంతలోగా కమిటీ నిర్ణయం రాకపోతే ఆ పని మళ్లీ చేయాలి. సంస్థలు పనిని త్వరగా ముగించాలన్నది దీని ఉద్దేశం. కమిటీ నెలకోసారే కూర్చునే చోట మాత్రం కొన్ని ఫైళ్లు మళ్లీ మొదటికి వచ్చే ప్రమాదమూ ఇందులో ఉంది. లైసెన్సుల గడువు ముగింపు, బహిష్కరణల జాబితాలను నెలనెలా చూడాలన్న నియమం కూడా తోడైంది.

ఆమోదం పొందిన డాక్టరుకు సైతం పని అక్కడితో ఆగదు. 36 నెలలకోసారి రీక్రెడెన్షియలింగ్ (అర్హతల పునఃపరిశీలన), 5 ఏళ్లకోసారి మెడికేర్ రీవాలిడేషన్ (నమోదు వివరాల పునర్ధ్రువీకరణ), 120 రోజులకోసారి సీఏక్యూహెచ్ అటెస్టేషన్ వేర్వేరు క్యాలెండర్ల మీద నడుస్తాయి. నోటీసులు దరఖాస్తులో ఇచ్చిన పాత ఈమెయిలుకు వెళ్తాయి. ఆ ఈమెయిలు చూసే క్లినిక్ ఉద్యోగి ఏనాడో మానేసి ఉంటే ఎవరూ చూడరు. అప్పుడు నెట్‌వర్క్ నుంచి పేరు తొలగుతుంది, తిరిగి చేరాలంటే కొత్త దరఖాస్తుగానే మొదలవుతుంది. టెక్సాస్ ప్రజా భద్రతా శాఖ ఇచ్చే మందుల రిజిస్ట్రేషన్‌ను 2016 సెప్టెంబరులోనే రద్దు చేశారు. పాత చెక్‌లిస్టులు పట్టుకుని ఇప్పటికీ ఆ నంబరు అడిగే క్లర్కు ఎదురైతే, రద్దయిన సంగతి ఒక వాక్యంలో రాసి ఫైలుకు జతచేయడం వాదన కన్నా త్వరగా అయ్యే పని.